ఓబులేసు కోసం అంబులెన్సులో

కర్నూలు నుంచి జమ్మలమడుగుకు బస్సులో పోవచ్చు. నంద్యాలలో దిగి మరో బస్సు పట్టుకుంటే పొద్దుగూకే లోపల చేరతారు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అయినా మాకు నాలుగు రోజులు పట్టింది. వెళ్ళొచ్చి నెల దాటినా నడుము నొప్పి ఇంకా నన్ను వదల్లేదు. ఒంట్లో ఏ జబ్బూ లేకుండా ఆ దారిన అంబులెన్సులో వెళ్ళినవాళ్ళు నాకు తెలిసి మేమిద్దరమే కనుక, వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

బండి నాకెలా దక్కిందంటే

నాది గడియారాలు బాగుచేసే పని. కర్నూలు పాతబస్తీలో నాలుగడుగుల దుకాణం. అందరూ ఆచారీ అని పిలుస్తారు. మిలిటరీ వాళ్ళు యుద్ధం నాటి పాత సామాను గుంతకల్లులో వేలం వేస్తున్నారని, అందులో గడియారాలు ఉన్నాయని ఎవరో చెబితే రైలెక్కి పోయాను. జాబితాలో ఒకచోట ‘గడియారం ఒకటి, తదితరములు’ అని రాసి ఉంది. పాట పాడాను. నాకు పోటీగా ఒక్కడూ నోరు విప్పలేదు. గడియారం విలువ తెలిసినవాడు ఇక్కడ నేనొక్కడినే అని మురిసిపోయాను కూడా. సామాను అప్పగించేటప్పుడు తెలిసింది, తదితరములు అంటే అంబులెన్సని. గడియారం దాని లోపల, స్టీరింగు పక్కన బిగించి ఉంది. అది నడవదు. అంబులెన్సూ నడవదు.

లారీకి కట్టి ఈడ్చుకొచ్చి ఇంటి ముందు నిలబెట్టాను. సాయంత్రానికల్లా మా పిన్నత్త కొడుకులు ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. మర్నాడు డోన్ నుంచి మా వియ్యంకుడు దిగాడు. ఇంటి ముందు అంబులెన్సు చూసినవాడెవడో మోసుకుపోయిన వార్త అది. నేను అరుగు మీద కూర్చుని దోసకాయ తింటూ కనిపించేసరికి ఆయన మొహంలో సంతోషం కంటే బస్సు చార్జీ దండగైందన్న బాధే ఎక్కువ కనిపించింది. బండిని ఊరి బయటికి తీసుకుపోతే తప్ప పొయ్యి వెలిగించనని మా ఇంటామె తీర్మానించింది. తుంగభద్ర ఒడ్డున ఒక చింతచెట్టు కిందికి చేర్చాను.

గడియారం పళ్ళకూ గేరు పళ్ళకూ తేడా సైజు ఒక్కటే అనుకుని నేనే మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి బండి నూట యాభై ముక్కలైంది. ఏ ముక్క ఎక్కడిదో నాకు తెలియలేదు. అప్పుడు వచ్చాడు ఖాదర్ సాబ్.

ఖాదర్ సాబ్ లారీ మెకానిక్కు. యుద్ధంలో బర్మా వైపు ఇలాంటి అంబులెన్సే తోలాడట. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. డ్రైవర్ సీటు కింద చెయ్యి పెట్టి, చూడకుండానే ఒక మూత తీసి, అందులోంచి స్పానరు బయటికి లాగాడు. అక్కడ ఒక పెట్టె ఉందని అన్నాళ్ళూ నాకు తెలియదు.

“కూలి ఎంత ఇమ్మంటావు భాయ్?” అన్నాను.

“దుడ్లు వద్దు ఆచారీ. బండి నడిచినాక ఒకసారి నన్ను జమ్మలమడుగు తట్టుకు తోడుకపోవాల. ఆడ ఓబులేసు అని ఒకాయప్ప ఉండాడో లేడో చూడాల. అంతే.”

ఇంత చవక బేరం ఎక్కడా దొరకదని ఒప్పేసుకున్నాను.

రెండేళ్ళు పట్టింది. కుళ్ళిన చెక్క తీసేసి ఎద్దులబండ్లు చేసే వడ్రంగి చేత తుమ్మ చెక్క వేయించాను. అతనికి తెలిసిన కొలతలు ఎద్దులబండివే కనుక బండి వెనక నుంచి ఎద్దులబండిలాగే ఉంటుంది. రోగులు పడుకునే స్ట్రెచర్ల గుడ్డ ఎలుకలు తినేస్తే మంచాల నవారు అల్లించాను. పైకప్పుకు కాన్వాసు కావాల్సివచ్చింది. అప్పుడే కర్నూలు రాజధాని అయింది, ఆఫీసులకు ఇళ్ళు చాలక ఊరంతా గుడారాలు లేచాయి. గుడారాలు కుట్టేవాళ్ళను పట్టుకోవడం మంత్రిని పట్టుకోవడం కంటే కష్టమైంది. ఒకాయన సూది ఆపకుండానే “యా డిపార్టుమెంటప్పా నీది?” అని అడిగాడు. గడియారాలు అన్నాను. అలాంటి డిపార్టుమెంటు కూడా వచ్చిందేమో అనుకుని కుట్టిచ్చాడు. ఇత్తడి గంటను చింతపండు పెట్టి మా ఇంటామే తోమింది. కోపం బండి మీదే గానీ ఇత్తడి మీద కాదట. బోర్డులు రాసే ఆయన పక్కల మీద ఎర్ర క్రాసు దిద్ది, ఉత్త క్రాసు బోసిగా ఉందని చుట్టూ మల్లెతీగ వేశాడు.

అన్నీ అయ్యాక రెండు లోపాలు మిగిలాయి. గడియారం నడవలేదు, రివర్సు గేరు పడలేదు. మొదటిది నా వృత్తికి అవమానం. రెండోదాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు, వెనక్కి పోవాలన్న ఆలోచన నాకు లేదు కనుక.

ఓర్వకల్లు

మాఘం వెళ్ళిన వారానికి బయల్దేరాం. ఓర్వకల్లు రాళ్ళ దగ్గరికి చేరేసరికి బండి పొగలు కక్కింది. అక్కడి రాళ్ళు చూడదగ్గవని అందరూ అంటారు. రెండు గంటలు చూశాను.

నీళ్ళ కోసం డబ్బా పట్టుకుని దగ్గరున్న పల్లెలోకి పోయాం. దిగుడుబావి మెట్లు ఎక్కి వస్తున్న ఒకామె మాట్లాడకుండా ముందు మా ఇద్దరికీ చెంబుతో నీళ్ళిచ్చింది. మా కర్నూల్లో ఇప్పుడు ఎవరు, ఏ పని మీద వచ్చారు అని కనుక్కుని గానీ నీళ్ళివ్వరు. రాజధాని వాసులం కదా. నేను గటగటా తాగి, ఇంకా రెండు కడవలు కావాలన్నాను.

“ఎవురికి?”

“బండికి.”

“రెండు కడవలా? మా ఎనుము గూడ అంత తాగదప్పా.” ఒక కడవ వంచింది. “మనిషి వచ్చి నీళ్ళు అడిగితే లేవు అనేది మా దిక్కు లేదు. ఇనుము అడిగితే మటుకు కొంచెం యోచన చేస్తాం.”

నేను నవ్వాను. ఖాదర్ సాబ్ నవ్వలేదు. చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడి, తర్వాత తాగకుండానే ఆమెకు ఇచ్చేశాడు. బండి దగ్గరికి వచ్చి, చల్లారే దాకా దాని నీడలో కూర్చున్నాక ఓబులేసు సంగతి చెప్పాడు.

“బర్మా కొండల్లో దెబ్బలు తగిలినోళ్ళను ఆసుపత్రి గుడారానికి చేర్చేది నా డ్యూటీ. ఒక పగలు దావ. ఒకనాడు నలుగురిని ఎక్కిచ్చినారు. ముగ్గురు మాట్లాడేది నాకు తెలీదు. నాలుగో ఆయప్ప తెలుగు. జమ్మలమడుగు కాడ నేతపని చేసేటోన్ని, నా పేరు ఓబులేసు అన్యాడు. కడుపులో గుండు దిగింది. కడుపులో దెబ్బ తగిలినోనికి నీళ్ళు ఇస్తే పానం పోతాది, ఒక్క సుక్క గూడ పోయొద్దని డాక్టరు మరీమరీ చెప్పినాడు. ఆయప్ప ‘అన్నా, నీళ్ళు’ అంటాడు. నేను ‘నీళ్ళు లేవు’ అంటా. ఇయ్యకూడదు అంటే ఇంకా బతిమాలుతాడని, లేవు అన్యా. నా కాళ్ళ కాడ డబ్బా నిండుగా ఉండాది ఆచారీ.”

బీడీ ముట్టించుకోబోయి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“మద్యాన్నం దాకా అడిగినాడు. ఆమైన అడగల్యా. ఒక్క మాట గూడ మాట్లాడల్యా. గుడారం కాడ దించేతప్పుడు కండ్లు మూసుకోనుండాడు. బతికినాడా అని అడిగే టైము ఇయ్యల్యా, మళ్ళా ఎనక్కి పంపిచ్చినారు. బతికింటే సరే. సచ్చింటే మటుకు, నీళ్ళు అడిగిన మన మనిషికి లేవని అబద్ధం చెప్పి పంపిచ్చినోన్ని నేనే.”

పదేళ్ళు అయింది గదా, బస్సులో ఎప్పుడో పోయి చూసి రావచ్చు గదా అన్నాను.

“రెండుసార్లు పోయినా. రెండుసార్లూ నంద్యాల కాడ దిగి ఎనక్కొచ్చేసినా. అందుకే నీ బండిలో పోతాండా. దీనికి రివర్సు పడదు గదా.”

నేను చేసుకున్న చవక బేరం అసలు ఏమిటో అప్పుడు తెలిసింది. ఈ ప్రయాణం నా బండిని పదిమందికీ చూపించడానికని అంతవరకు అనుకుంటూ ఉన్నాను. మొహం చెల్లక, లేచి రేడియేటరులో నీళ్ళు పోశాను.

నంద్యాల

నంద్యాలలో మా బండి వెనక ముప్పై మంది పరుగెత్తారు. గంట విని సినిమా ప్రచారం బండి అనుకున్నారు. బండి ఆపగానే ఒక పెద్దమనిషి కిటికీలోంచి చెయ్యి చాపాడు, కరపత్రం కోసం.

“యా సినిమా అప్పా?”

ఏ సినిమా కాదు, అంబులెన్సు అన్నాను.

“మల్లెతీగ ఉండాది, గంట ఉండాది, సినిమా కాదంటావు!” నన్ను ఒక అబద్ధాలకోరును చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు.

ఒక హోటలు ముందు ఆపి ఉగ్గాని, బజ్జి చెప్పాం. నానిన బొరుగులకు నూనె, పసుపు, పచ్చిమిరపకాయ పట్టించి వేడిగా పెట్టే ఉగ్గాని మా ఊళ్ళోనూ ఉంది. కానీ గుమాస్తాలు దిగినప్పటి నుంచి కర్నూల్లో ప్లేటు నాలుగణాలు చేశారు, బొరుగులు సగం చేశారు. నంద్యాలలో రెండణాలకే ఆకు నిండా పెట్టారు. రాజధాని రానందుకు ఆ ఊరివాళ్ళు బాధపడుతుంటే, వాళ్ళ అదృష్టం వాళ్ళకు తెలియదు అనుకుంటూ రెండో ఆకు అడిగాను.

హోటలాయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “సామీ, ఇంగో రెండు ఆకులు తినండి, దుడ్లు ఇయ్యొద్దు. బండి మటుకు ఈడ నుంచి తీసేయండి. ఇది ఈడ నిలబడినప్పటి నుంచి ఒక్క గిరాకీ రాల్యా. నా హోటల్లో తిని ఎవురికో ఏమో అయ్యిందనుకుంటాండారు.”

న్యాయమైన మాటే. అయితే బండి ముందు వేరే ఎద్దులబండి నిలిచి ఉంది, వెనక్కి తీయాలి. మా బండి వెనక్కి రాదు. చివరికి హోటలాయన, వంటమనిషి, ఇంకా ఆరుగురు కలిసి వెనక్కి నెట్టారు. తుమ్మ చెక్క బరువు ఎంతో ఆ వంటమనిషి ఇప్పటికీ మరిచిపోయి ఉండడు.

ఆ పూట ఖాదర్ సాబ్ బస్సులు ఆగే చోటు వైపు రెండు మూడుసార్లు చూశాడు. నేను అతని పక్కనే ఉన్నాను. టీకి పోతే టీకి, బీడీకి పోతే బీడీకి.

కోయిలకుంట్ల

నంద్యాల దాటాక నేల రంగు మారుతుంది. ఎర్రమట్టికి అలవాటుపడ్డ నాకు ఆ నల్లరేగడి చూస్తే ఇంత మంచి నేల వీళ్ళకెందుకు అని కొంచెం కుళ్ళు పుట్టింది. కుందూ ఏటి దగ్గర ఒక వంకలో చక్రం దిగబడ్డాక ఆ కుళ్ళు పోయింది. జొన్న చొప్ప తోలుకుపోతున్న రైతు తన ఎద్దులు కట్టి లాగించాడు. ఏమివ్వమంటావు అంటే, ఒకసారి గంట కొట్టనియ్యమన్నాడు. ఒకసారి అంటూ పదిసార్లు కొట్టాడు.

కోయిలకుంట్ల దాటగానే ఒక ముసలామె దారికి అడ్డంగా నిలబడి చెయ్యెత్తింది. బండి ఆగీ ఆగకముందే వెనక తలుపు తీసుకుని, ఎక్కి, స్ట్రెచరు మీద పడుకుని “అయ్యో, అమ్మా” అని మూలగడం మొదలుపెట్టింది. రెండేళ్ళు తోమి, అతికి, రంగులు వేశాను గానీ ఇందులోకి నిజంగా ఒక రోగి ఎక్కుతుందని ఒక్కనాడూ అనుకోలేదు.

“ఏమైందవ్వా? ఎక్కడ నొప్పి?”

“అంతా నొప్పే నాయనా. జమ్మలమడుగులో దించు.”

ఖాదర్ సాబ్ బండిని దూకించాడు. నేను వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా అవ్వ మూలుగుతోంది. తిరగనప్పుడు మూలుగు లేదు. నాలుగోసారి మెల్లగా తిరిగాను. అవ్వ లేచి కూర్చుని గంపలోంచి చెనిక్కాయలు తీసి వొలుచుకు తింటోంది.

“సర్కారు బండ్లు జబ్బు చేసినోళ్ళను ఊరికే తోడుకపోతాయని ఇన్యా,” అంది, చిక్కినందుకు ఏ మాత్రం సిగ్గుపడకుండా. “జమ్మలమడుగులో నా కూతురు ఉండాది. పండుకునేదానికి బాగుండాది గానీ నవారు కొంచెం బిగించాల నాయనా, నడుము దిగబడతాంది.”

రెండేళ్ళ నా శ్రమకు దొరికిన మొదటి విమర్శ అది. నిజం కూడా.

మిలిటరీకి పోయిన ఓబులేసు అనే నేతగాణ్ణి వెతుకుతున్నామని చెబితే అవ్వ పడీపడీ నవ్వింది. “అహోబిలం సామి పక్కన పెట్టుకోని ఓబులేసును ఎతుకుతాండారా? నా పేరు ఓబుళమ్మ. నా మొగుడు ఓబుళరెడ్డి. నా అల్లుడు ఓబులేసు. రాయి ఇసిరితే ఎవురికి తగిలినా వాడు ఓబులేసే.”

ఖాదర్ సాబ్ మొహంలో మొదటిసారి ఒక వెలుగు కనిపించింది. ఇంతమందిలో దొరకడులే అన్న ధైర్యం కాబోలు. అవ్వ దాన్ని ఉండనియ్యలేదు. “నేతపని చేసుకుంటా మిలిటరీకి పోయినోళ్ళంటే మైలవరం పక్క వేపరాలలో అడగండి. ఆడ నుంచి పోయినారని ఇన్యా. వచ్చినారో లేదో తెలీదు,” అంది.

జమ్మలమడుగు

ఆ రాత్రికి అవ్వ కూతురింటి అరుగు మీదే మా బస. జొన్న రొట్టె, గురుగాకు పప్పు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పెట్టారు. మా వైపు ఊరిబిండిలో కారం చూసి వేస్తారు. అక్కడ కారంలో చెనిక్కాయలు చూసి వేస్తారు. నేను కళ్ళ నీళ్ళు పెట్టుకుని తింటుంటే అవ్వ కూతురు నాకు అమ్మ గుర్తొచ్చిందనుకుని ఇంకొంచెం వడ్డించింది.

తెల్లవారాక బండి కదల్లేదు. ఖాదర్ సాబ్ బానెట్ ఎత్తి, దించి, పెదవి విరిచాడు. “ఇది అయ్యేది కాదు ఆచారీ. సామాను కర్నూలు నుంచి రావాల. ఈసారికి బస్సులో ఎనక్కి పోదాం.”

లారీల సంగతి నాకు తెలియదు గానీ, చిన్న సామాను మీదే నా బతుకు. పోయిన ముక్క ఎక్కడుండాలో నా కళ్ళు వెతుకుతాయి. ఇంజను నిప్పు పంచే గుండ్రటి డబ్బా మూత తీసి చూశాను. లోపల తిరగాల్సిన బొటనవేలంత ముక్క లేదు. ఖాదర్ సాబ్ వైపు చూశాను. అతను నేల వైపు చూశాడు.

అరుగు మీద అవ్వ చెనిక్కాయలు వొలవడం కూడా మానేసి మమ్మల్నే చూస్తోంది.

“భాయ్, గడియారం కోసం పోయి అంబులెన్సు కొన్నవాణ్ణి నేను,” అన్నాను. “నన్ను చూస్తే ఎవరికీ భయం వేయదు. ఆ ఊళ్ళో ముందు నేను దిగుతాను. నేనే అడుగుతాను. లేడు అంటే, ఆ మాట నేను విని నీకు చెబుతాను. నువ్వు బండి దిగాల్సిన పని లేదు.”

ఖాదర్ సాబ్ అంగీ జేబులోంచి ఆ ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. నేనే దాన్ని బిగించాను. రెండేళ్ళలో ఆ బండికి నేను సరిగ్గా చేసిన రిపేరు అదొక్కటే.

వేపరాల

మైలవరం దాటి వేపరాల వీధిలోకి తిరగగానే ఆగిపోవాల్సి వచ్చింది. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా వెదురు కర్రల మీద నూలు పడుగు పరిచి, పదిమంది ఇటు నలుగురు అటు నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. చీర నేసే ముందు నిలువు పోగులన్నిటికీ ఇలా గంజి పెట్టి ఎండలో ఆరబెడతారు. ఆరే లోపల పోగు తెగితే నెల కూడు పోయినట్టే. ముందుకు దారి లేదు. వెనక్కి మా బండి రాదు.

“ఆరేదాకా ఉండాల్సిందే నాయనా,” అన్నాడు కర్ర పట్టుకుని నిలబడ్డ ముసలాయన. చెన్నప్ప ఆయన పేరు. “కలెక్టరు వచ్చినా ఇంతే.”

మాట ఇచ్చాను కనుక నేను దిగాను. ఖాదర్ సాబ్ స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

ఈ ఊళ్ళో ఓబులేసు ఉన్నాడా అని అడిగాను. ఏడుగురు ఉన్నారన్నారు. ఏ ఓబులేసు కావాలో ఎలా చెప్పాలి? తెలివిగా అడిగాననుకుని, అందరికీ వినబడేలా గట్టిగా అన్నాను: “ఏడుగురినీ ఒకసారి పిలవండి. అంగీ ఎత్తి కడుపు చూడాలి.”

ఆ తర్వాత జరిగింది రాయడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది. అంతకు ముందు వారం ఆ ఊళ్ళో పిచ్చికుక్క తిరిగిందట. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు పొడుస్తారని ఊరంతా చెప్పుకుంటోందట. అలాంటి సమయంలో ఎర్ర క్రాసు బండి వచ్చింది, కళ్ళద్దాలు పెట్టుకున్నవాడొకడు దిగాడు, కడుపులు చూపించమన్నాడు. కుంచెలు ఎక్కడివక్కడ పడ్డాయి. తలుపులు టపటపా మూతపడ్డాయి. రెండు నిమిషాల్లో వీధిలో నేను, పడుగు, చెన్నప్ప మిగిలాం. ఆయనకూ పరుగెత్తాలనే ఉంది. కర్ర వదిలితే పడుగు నేలపాలవుతుందని వదల్లేకపోయాడు.

“నేను ఓబులేసు కాదు నాయనా,” అన్నాడు. “చెన్నప్ప. నన్ను కుక్క చూడను గూడ చూడల్యా.”

ఆయనకు సంగతంతా చెప్పి, నా రెండు చేతులూ జేబులూ చూపించి, సూది లేదని నమ్మించడానికి అరగంట పట్టింది. అప్పుడు నవ్వాడు. కేకలు వేసి ఒక్కొక్కరినే పిలిచాడు. ఓబులేసులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అంగీలు ఎత్తారు. మొదటాయనకు మచ్చ లేదు. రెండో ఆయనకు లేదు. మూడో ఆయనకు ఉంది గానీ గంజి ఒలికిన మచ్చ. నాలుగు, అయిదు, ఆరు. ఖాదర్ సాబ్ ఒక్కొక్కరినీ అద్దంలోంచి చూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఆరో ఆయన కూడా మచ్చ లేకుండానే అంగీ దించుకున్నాడు.

“ఏడో ఆయన?”

చెన్నప్ప తల గోక్కున్నాడు. ఆ గోక్కోవడం చూసి నేను చెడ్డ మాటకు సిద్ధపడ్డాను.

“వాడు మగ్గం గుంతలో దాంకోనుండాడు. మిలిటరీకి పోయొచ్చినప్పటి నుంచి సూది అంటే వానికి శానా భయం.”

లోపలి నుంచి ఇద్దరు పట్టుకుని లాక్కొచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, తల నిండా దూది నూగు. “అప్పుడు పొడిచింది సాలదా, ఇంగా ఎన్ని పొడుస్తారు?” అని అరుస్తూ తనే అంగీ పైకెత్తాడు. బొడ్డు పక్కన జానెడు మచ్చ.

వెనక బండి తలుపు చప్పుడైంది. ఖాదర్ సాబ్ దిగాడు. పడుగుకు అవతల ఆయన, ఇవతల ఇతను, మధ్యలో తడి నూలు.

“నీళ్ళు లేవని చెప్పింది నేనే,” అన్నాడు ఖాదర్ సాబ్. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు.

ఓబులేసు అంగీ దించడం మరిచిపోయాడు. బండిని చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ బండిని చూశాడు.

“ఉండె,” అన్నాడు. “నీళ్ళుండె.”

“నీకెట్ల తెలుసు?”

“గుంత వచ్చినప్పుడల్లా డబ్బా గలగలమనె గదప్పా. మద్యాన్నం దాకా ఆ సప్పుడే ఇంటా పండుకున్యా.”

ఖాదర్ సాబ్ పక్కనున్న కర్ర పట్టుకున్నాడు. “తిట్టుకున్యావా?” అని అడిగాడు.

“శానా తిట్టినా. నీకు తెలిసిన తిట్లన్నీ తిట్టినా. ఆమైన యోచన చేసినా. మన దిక్కు పానం పోతాంటే ఏం జేస్తారు? నోట్లో నీళ్ళు పోస్తారు. పగోనికైనా పోస్తారు. వీడు నిండా నీళ్ళు పెట్టుకోని గూడ నాకు పోయలేదంటే, నేను సచ్చేటోన్ని కాదన్న మాట. డాక్టరు ఏదో చెప్పుండాడు. ఆ ధైర్యంతోనే ఉన్యా.” కొంచెం ఆగాడు. “అందుకే అడిగేది గూడ మానేసినా. ఇంగా అడిగితే నీకు యాడ జాలి పుట్టి పోస్తావో అని భయమయ్యింది.”

ఖాదర్ సాబ్ అక్కడే, వీధి మట్టిలో, గొంతుక్కూర్చున్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నా ఎరికలో అంత పెద్ద మనిషి అంత గట్టిగా ఏడవడం చూడలేదు. ఓబులేసు పడుగు కింది నుంచి వంగి ఇవతలికి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక అతని భుజం మీది దుమ్ము దులుపుతూ ఉన్నాడు.

నాకూ ఏడుపొచ్చింది. దాచుకోవడానికి బండి దగ్గరికి పోయి, ఏ పనీ లేకపోయినా బానెట్ ఎత్తి దాని వెనక నిలబడ్డాను. అక్కడి నుంచే ఓబులేసు పెళ్ళాం గొంతు వినిపించింది. ఎవరో ఇంటికి వచ్చారని చెంబు తీసుకుని బయటికి వచ్చినట్టుంది.

“ఇదేం చోద్యమప్పా,” అంటోంది. “బతికుండే మనిషిని చూసి ఇట్ల ఏడిసేటోళ్ళు యాడన్నా ఉంటారా? లెయ్యి, నీళ్ళు తాగు.”